మృగశిర నుంచి మృగశిర దాకా: ఫోటోలతో గడిపిన ఒక ఏడాది

2023 జూన్ 8, గురువారం నాడు మృగశిర కార్తె ప్రవేశించింది. ఆ రోజు చేప తినాలన్న ఆనవాయితీ మా వైపు ఎంత గట్టిదో తెలియాలంటే హనుమకొండలో ఏ చేపల అంగడి ముందు నిలబడినా చాలు. నీళ్ల తొట్టిలో కొట్టుకుంటున్న కొర్రమట్టలనూ, వాటిని తూస్తున్న ఆమె తడి గాజులనూ కలిపి ఫోనుతో ఒక ఫోటో తీశాను. ఇంటికి వచ్చి నోటు పుస్తకంలో తేదీ, కార్తె, స్థలం రాసి, కింద "కొర్రమట్ట, మన రాష్ట్ర చేప" అని రాసుకున్నాను. అలా మొదలైన పని మళ్లీ మృగశిర వచ్చేదాకా, అంటే 2024 జూన్ 7 వరకు, ఒక్క రోజు కూడా తప్పకుండా సాగింది. మధ్యలో లీపు సంవత్సరపు ఫిబ్రవరి రావడంతో మొత్తం 366 ఫోటోలయ్యాయి.

దీనికి కారణం మా బడిలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఆ వేసవి సెలవులకు ముందు ఎనిమిదో తరగతిలో తెలంగాణ రాష్ట్ర చిహ్నాల గురించి మాట్లాడుతూ, 2014 నవంబరులో ప్రకటించిన నాలుగింటిని, అంటే పాలపిట్ట, చుక్కల జింక, జమ్మి చెట్టు, తంగేడు పువ్వును బోర్డు మీద రాసి, వీటిలో వేటిని కళ్లారా చూశారని పిల్లలను అడిగాను. తంగేడును బతుకమ్మలో అందరూ చూశారు కానీ, చెట్టు మీద చూసినవాళ్లు ముగ్గురే ఉన్నారు. అప్పుడు ఒక అమ్మాయి లేచి, "టీచర్, జమ్మి ఎప్పుడు చిగురు పెడ్తది?" అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. ప్రతి దసరాకూ ఆ ఆకును పెద్దల చేతుల్లో పెట్టి, బంగారమని కళ్లకద్దుకుంటూ పెరిగిన మనిషిని; ఆ చెట్టు మిగిలిన పదకొండు నెలలు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు.

అందుకే కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ప్రతి రోజూ ఒక ఫోటో, అది ఇంటి నుంచి స్కూటీ మీద అరగంటలో చేరగల చోటిదే కావాలి. ఆదివారాలూ పండుగలూ మాత్రం ఈ దూరం లెక్కకు మినహాయింపు. రంగులు మార్చే ఫిల్టర్లు వాడకూడదు. చెట్టుకైనా, పురుగుకైనా, పనిముట్టుకైనా అక్కడివాళ్లు పిలిచే పేరు కనుక్కుని రాయాలి. పుస్తకాన్ని ఇంగ్లిషు నెలలుగా కాకుండా 27 కార్తెలుగా విభజించాను. మా అమ్మ నర్సంపేట దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసే ఇంట్లో పెరిగింది. ఆమెకు కాలం కార్తెల్లోనే తెలుసు, ఆ లెక్కను ఆమె దగ్గర నేర్చుకోవాలన్న కోరిక నాకు ఎప్పటి నుంచో ఉంది.

మొదటి నెల సరిగ్గా సాగలేదు. బడి నుంచి వచ్చేటప్పుడు భద్రకాళి చెరువు కట్ట మీద ఆగి సూర్యాస్తమయం తీయడం సులభం కాబట్టి, నెల చివర చూసుకుంటే సగానికి పైగా ఫోటోల్లో అదే నీరు, అదే ఎర్రటి ఆకాశం ఉన్నాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే అందంగానే ఉంది, కానీ వరుసగా చూస్తే వాటిలో జ్యేష్ఠమూ లేదు, వరంగల్లూ లేదు. ఆ ఏడాది ఋతుపవనాలు ఆలస్యమై, మృగశిరలో దుక్కులు దున్ని మొగులు వైపు చూస్తూ కూర్చున్న రైతులు ఊరి చుట్టూ ఉండగా, నేను చెరువులో ప్రతిబింబాలు ఏరుకుంటున్నానన్న సంగతి నన్ను చాలా బాధపెట్టింది. అప్పటి నుంచి ఆకాశం తీయడం మాని నేలను చూడడం మొదలుపెట్టాను.

నేలను చూడగానే దొరికింది ఆరుద్ర పురుగు. తొలకరి పడిన తర్వాతి ఆదివారం అమ్మ వాళ్ల ఊరి చెలకలో, తడిసిన ఎర్రమట్టి మీద మఖమల్ గుడ్డ ముక్కల్లా అవి తిరుగుతున్నాయి. వాటిని తీయడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. ఫోను మరీ దగ్గరికి తీసుకువెళితే పురుగు మసకబారుతుంది, దూరం జరిపితే ఎర్ర చుక్కగా మిగిలిపోతుంది. పైగా ఫోను కెమెరా అంత ముదురు ఎరుపును తట్టుకోలేదు. పురుగు ఒంటి మీది నూగు మొత్తం కలిసిపోయి, ఎర్ర రంగు పూసిన ముద్దలా కనబడింది. తెర మీద పురుగును తాకి పట్టి, వెలుతురు గుర్తును కిందికి జరిపి, ఫోటోను కొంత చీకటిగా తీస్తే నూగు మళ్లీ కనిపిస్తుందని ఆ బురదలో బోర్లా పడుకునే నేర్చుకున్నాను. ఫిబ్రవరిలో మిరప దగ్గరికి వెళ్లినప్పుడు నాకు పనికొచ్చింది ఈ పాఠమే.

జులైలో వానలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. 26, 27 తేదీల మధ్య ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, రాష్ట్రంలో అప్పటిదాకా ఒక్క రోజులో నమోదైన వర్షపాతాలన్నింటిలో అదే పెద్దది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరంతా మునిగింది, మా నగరంలోనూ కాలనీలు చెరువులయ్యాయి. ఆ రోజు నా ఫోటో మిద్దె మీది నుంచి తీసినది: మా గల్లీలో మోకాలి లోతు నీళ్లలో ఇద్దరు కుర్రాళ్లు ఒక ముసలాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతున్నారు. రాష్ట్రం అందాన్ని చూపించే పుస్తకంలో ఇది ఎందుకని మావారు అడిగారు. చెరువులకు పేరుపడిన నేల మనది. కాకతీయులు పాఖాల, రామప్ప వంటి చెరువులు కట్టింది ఇలాంటి వానను పట్టి నిలుపుకోవడానికే కదా! నీరు దాని దారిలో పోనప్పుడు ఏం జరుగుతుందో కూడా ఆ పుస్తకంలో ఉండాల్సిందేనని నాకు అనిపించింది, ఉంచాను.

ఆ తర్వాతి వారం నాట్లు. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒడ్డు మీద నిలబడి, వంగి నాటు వేస్తున్న ఆడవాళ్ల వరుసను అడగకుండానే తీశాను. ఒకామె నడుము ఎత్తి, "అడగకుండ ఎట్ల దీస్తవ్ టీచరమ్మా? మేమేమన్న బొమ్మలమా?" అన్నది. సిగ్గుపడి అక్కడే ఆ ఫోటో తీసేసి, తెర వాళ్లకు చూపించాను. అప్పుడు వాళ్లలో పెద్దామె, "పని మీద ఉన్నప్పుడు కాదు బిడ్డా, బువ్వ తినేటప్పుడు రా, అప్పుడు దియ్యి" అని చెప్పింది. మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్దిగిన్నెలు విప్పి, ఒకరి తొక్కు మరొకరికి వడ్డించుకుంటూ నవ్వుతున్నప్పుడు తీసిన ఫోటోయే పుస్తకంలో ఉంది. ఒంగిన నడుముల ఫోటో చూసేవాళ్లకు పచ్చదనాన్ని గుర్తు చేస్తుంది, నాటేవాళ్లకు నొప్పినే గుర్తు చేస్తుంది. ఏ క్షణంలో తమను చూడాలో వాళ్లే నిర్ణయించుకోవడం న్యాయమని అప్పటి నుంచి నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ తర్వాత ఎవరి ముఖాన్నీ అడగకుండా తీయలేదు.

ఆగస్టు గురించి రాయడానికి ఎక్కువ లేదు. వాన మొహం చాటేసింది, పత్తి మొక్కలు మధ్యాహ్నానికి వాలిపోయేవి. ఆ నెల ఫోటోల్లో దుమ్మే ఎక్కువ.

బతుకమ్మ తొమ్మిది రోజులను మాత్రం నేను ఎన్ని పేజీలైనా రాయగలను. వరంగల్లులో పుట్టిన ఫోటోగ్రాఫర్ గుడిమళ్ల భరత్ భూషణ్ బతుకమ్మను, తెలంగాణ పల్లె బతుకును ఏళ్ల తరబడి ఫోటోల్లో నిలిపారు. ఆయన 2022లో కన్నుమూశారు. ఆ పని జరిగిన ఊళ్లోనే ఫోను పట్టుకుని నిలబడుతున్నానన్న బెరుకు నాలో ఉండేది. అందుకని పండుగను ఆటతో కాకుండా పూలతో మొదలుపెట్టాలనుకున్నాను. అక్టోబరు 14, ఎంగిలిపూల బతుకమ్మ నాడు తెల్లవారకముందే చౌరస్తాకు వెళ్లాను. ధర్మసాగర్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ రోడ్డు వార గునుగును కట్టలు కట్టలుగా పేర్చి, పక్కన తంగేడు కొమ్మలు పరిచి కూర్చుంది. ఎండ ఎక్కాక తెల్లని గునుగు మీద వెలుగు పడితే ఆమె ముఖం నల్లబడుతుంది, ముఖానికి వెలుగు సరిచేస్తే గునుగు సున్నం ముద్దవుతుంది. సూర్యుడు ఇంకా మేడల చాటున ఉండగా, నీడలన్నీ మెత్తగా ఉన్న ఆ పావుగంటలోనే రెండూ కుదిరాయి. అడిగి తీశాను. ఆమె ఒప్పుకుంటూనే, "దీస్తున్నవ్ గని, నాకిస్తవా బిడ్డా?" అన్నది. ఇస్తానని మాట ఇచ్చాను.

ఆ సాయంత్రం వేయిస్తంభాల గుడి ఆవరణలో వేలమంది ఆడవాళ్లు ఉన్నారు. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి ముందు, అమ్మ పేర్చిన బతుకమ్మను దించి, ముందు నేనూ ఆడాను. వలయం బయట నిలబడి తీసిన ఫోటోలో వీపులే వస్తాయి, ఆడినవాళ్లకు చప్పట్లు ఎప్పుడు కలుస్తాయో ముందే తెలుస్తుంది. రెండు చుట్లు ఆడి పక్కకు జరిగి తీయడం మొదలుపెడితే, ఫోటోలకు అడ్డంగా నల్లని చారలు పడ్డాయి. కారణం ఆ రాత్రి ఇంటికి వచ్చి వెతికితే తెలిసింది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి కొన్ని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. మన కంటికి తెలియని ఆ మినుకు, షట్టర్ వేగం మరీ ఎక్కువైతే చారలుగా కనబడుతుంది. మర్నాడు ఫోనులో ప్రో మోడ్ తెరిచి షట్టర్‌ను సెకనులో 50వ వంతు దగ్గర పెట్టాను, చారలు పోయాయి. ఒకసారి 15వ వంతుకు దించి, ఫోనును గోడకు ఆనించి తీస్తే, మధ్యలో బతుకమ్మలు కదలకుండా, చుట్టూ చీరల రంగులు తిరుగుతున్న నీటి సుడిలా వచ్చాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ నాడు ఆడరు కాబట్టి మా గడపలో ఖాళీగా ఉన్న, బతుకమ్మ పేర్చే శిబ్బిని తీశాను. సద్దుల నాడు పద్మాక్షి గుండంలో బతుకమ్మలు సాగిపోతుంటే, ఫోను సంచిలో పెట్టి అమ్మ చేయి పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు ఫోటో మర్నాటికి మిగిలిన సత్తుపిండి ముద్దది కాదు, ఆ రాత్రే తీసిన అమ్మ చేతి పసుపుది.

దసరా నాడు పాలపిట్టను చూడడం శుభమని, కొందరు దాన్ని పంజరంలో పెట్టి తిప్పుతూ డబ్బులు తీసుకుంటారు. ఆ పక్షిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దాన్ని అలా చూస్తే నాకు శుభమని అనిపించదు, అందుకే ఫోటో తీయలేదు. నవంబరులో కోతలయ్యాక బడి దారిలోని కరెంటు తీగ మీద ఒక పాలపిట్ట రోజూ సాయంత్రం నాలుగున్నరకు వాలడం గమనించాను. కూర్చున్నప్పుడు అది మట్టి రంగు పిట్టే. కొయ్యకాళ్ల మధ్య మిడత కోసం దూకినప్పుడే రెక్కల్లోని నీలం విచ్చుకుంటుంది. తొమ్మిది సాయంత్రాలు అదే కల్వర్టు మీద కూర్చున్నాను. తొమ్మిదో రోజు రెక్కలు పూర్తిగా విప్పిన ఒక ఫోటో, అంచులు కొంచెం చెదిరినా, దొరికింది. మర్నాడు బడిలో చూపించాను. ఆ వారంలోనే నలుగురు పిల్లలు తమ ఊళ్ల తీగల మీద పాలపిట్టను చూశామని వచ్చి చెప్పారు. ఈ ఏడాదిలో నాకు దక్కిన పెద్ద సంతోషాల్లో అది ఒకటి.

చలికాలంలో పొగమంచు, పత్తి బండ్లు, ఐనవోలు మల్లన్న జాతరలో పసుపు బండారి, ఒగ్గు డోలు చప్పుడు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మాఘం రాగానే ఎనుమాముల మార్కెట్ మిరపకాయలతో ఎరుపెక్కింది. అక్కడికి ముక్కుకు చున్నీ కట్టుకుని వెళ్లినా పది నిమిషాలకే దగ్గు పట్టుకుంది. హమాలీలు మాత్రం రోజంతా ఆ ఘాటులోనే బస్తాలు మోస్తారు. గుండ్రంగా, టమాటలా ఉండే చపాటా మిరపను, సన్నని తేజను పక్కపక్కన పోయించుకుని తీశాను. ఆరుద్ర పురుగు నేర్పిన పాఠం ప్రకారం వెలుతురు తగ్గిస్తే కాయ మీది ముడతలు ఒక్కొక్కటీ తెలిశాయి. ఆ ఫోటో అందంగా వచ్చిందని అందరూ అంటారు. నాకు దాని పక్క పేజీలోదే ముఖ్యం: కాంటా ముందు నిలబడి, ధర చెప్పబోయే మనిషి నోటి వైపు చూస్తున్న రైతు చేతులు.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారం జాతర జరిగింది. అమ్మతో ఆర్టీసీ బస్సులో వెళ్లాను. జంపన్న వాగులో స్నానాలు చేస్తున్నవాళ్లను తీయలేదు. పొయ్యి రాళ్లు, ఎడ్లబండి కింద నిద్రపోతున్న పసివాడు, నిలువెత్తు బంగారం మొక్కు కోసం తక్కెడలో పెడుతున్న బెల్లం బుట్టలు తీశాను. గురువారం సాయంత్రం చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొస్తున్నప్పుడు చుట్టూ వేల ఫోన్లు గాలిలోకి లేచాయి. అమ్మ రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. ఆ క్షణాన్ని చూడాల్సింది తెర మీద కాదని నాకు అనిపించి నేనూ చేతులు జోడించాను. ఆ రోజు నా ఫోటో, తిరుగు బస్సులో అమ్మ పాదాల మీద మిగిలిన మేడారం దుమ్ము.

మార్చి 8, మహాశివరాత్రి నాడు వేయిస్తంభాల గుడిలో, ఏళ్ల తరబడి రాయి రాయి విప్పి తిరిగి పేర్చిన కల్యాణ మండపం తెరుచుకుంది. చిన్నప్పుడు ఆ మండపంలో దాగుడుమూతలు ఆడిన అమ్మ ఒక స్తంభానికి చేయి ఆనించి చాలాసేపు నిలబడింది. నునుపు చెక్కిన ఆ నల్లరాతిలో ఆమె నీడ కనబడుతుండగా తీసిన ఫోటో, నాకున్న వాటిలో నేను దేనికీ మార్చుకోనిది. పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు కాబట్టి, మోచేతులు డొక్కలకు ఆనించి ఊపిరి బిగబట్టి తీయడమే మార్గం.

హోలీ ముందు తాడ్వాయి దారిలో ఆకు రాల్చిన మోదుగులు నిలువునా మండుతున్నట్టు పూశాయి. ఆ తర్వాత ఇప్ప. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుందని, చెట్టు కింద ఊడ్చి ఉంచితే ఏరుకోవడం సులువని ఒక కోయ కుటుంబం చెప్పింది. ఐదున్నరకు వాళ్లతో చెట్టు కింద కూర్చుంటే, నేల మీద పూలు పడే టప్‌ టప్‌ మన్న చప్పుడు చీకట్లో చాలాసేపు వినబడింది. ఫోటోలో పట్టలేని ఆ చప్పుడును పుస్తకంలో మాటలతో రాసుకున్నాను.

జమ్మి సంగతికి వస్తాను. బడి దారిలో ఒక గుడి ఆవరణలో ఉన్న చెట్టును నెలకు రెండుసార్లు ఒకే చోట నిలబడి తీస్తూ వచ్చాను. మిగతా చెట్లు నీళ్ల కోసం అల్లాడే కాలంలో, మార్చి చివర నుంచి అది లేత ఆకు తొడిగింది. ఏప్రిల్ నాటికి సన్నని పసుపుపచ్చని కంకుల్లా పూసింది. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి అప్పటికి తొమ్మిదో తరగతి ముగిస్తోంది. అప్పటిదాకా తీసిన ఆ చెట్టు ఫోటోలన్నీ వరుసగా తన ముందు పెట్టాను. ఆమె చివరి నాలుగింటిని వెనక్కీ ముందుకీ జరిపి, "ఎండ ముదిరినంక చిగురు పెట్టింది టీచర్" అని తానే చెప్పింది.

రోహిణి కార్తెలో నేను తీసినవన్నీ దాదాపు వడ్ల ఫోటోలే. వడ్లు కొనే ఐకేపీ కేంద్రాల ముందు రోడ్డు పొడవునా ఆరబోసిన యాసంగి వడ్లు, పక్కన మడత పెట్టిన టార్పాలిన్లు, మబ్బు పట్టగానే పరుగులు. తాటి ముంజలు, మామిడి రాశులు కూడా ఉన్నాయి కానీ ఆ పదిహేను రోజులు ఊళ్ల మాటంతా వడ్ల మీదే ఉంది, ఫోటోలూ అలాగే ఉన్నాయి.

పని ముగిశాక, ఫోటోలో ఉన్న మనుషులకు వాళ్ల ఫోటోలు కాగితం మీద అచ్చు వేయించి ఇవ్వడానికి జూన్ నెలంతా పట్టింది. నాట్ల ఆడవాళ్లకు ఆరు ప్రతులు, కుర్చీ మోసిన కుర్రాళ్లకు రెండు. గునుగు అమ్మిన అవ్వ మాత్రం చౌరస్తాలో కనబడలేదు. ఇద్దరు ముగ్గురిని అడిగితే మార్కెట్ దగ్గర నేరేడు పళ్లు అమ్ముతోందని తెలిసింది. వెళ్లి ఫోటో చేతిలో పెట్టాను. దాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. బాగా వచ్చావు కదా అవ్వా అంటే తల అడ్డంగా ఊపి, "నా మొఖం సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. ఈ గునుగు జూడు, పోయినేడు ఎంత మంచిగొచ్చింది. ఈయేడు మా దిక్కు గట్లకు గూడ కలుపు మందు కొట్టిండ్రు. పండుగకు ఏడికెళ్లి తేవాల్నో ఏమో" అన్నది. ఇంటికి వచ్చి, ఆ అక్టోబరు ఫోటో కింద మిగిలిన ఖాళీలో ఆమె మాటలను తేదీతో, ఆరుద్ర కార్తె అని కూడా కలిపి రాసిపెట్టాను.